ఎలక్ట్రాన్ పోయిన సోడియంకు ప్లస్ ఎలా వచ్చింది? దాన్ని నిజంగా ఇష్టపడే ఇచ్చిందా?

చిత్తూరు బెల్లం మండీలో లెక్కలు రాసే ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. "సోడియం ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే దానికి ప్లస్ గుర్తు పెడుతున్నారు. పోతే మైనస్ కదా రావాలి? క్లోరిన్‌కు ఒకటి వచ్చి చేరితే మైనస్ అంటున్నారు. పాప అడిగితే చెప్పలేకపోయాను. సోడియం ఎలక్ట్రాన్‌ను ఇష్టంగా ఇచ్చేస్తుందని నోట్సులో రాసుకుంది. పరమాణువుకు ఇష్టం ఏమిటి? ఒకసారి అయాన్ అయ్యాక అది మళ్లీ మామూలు పరమాణువు అవుతుందా?" ఇవీ మీ ప్రశ్నలు.

తిరుపతిలో ఇంటర్ పిల్లలకు 24 ఏళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. ఈ సందేహం రాని బ్యాచ్ ఒక్కటీ లేదు. చాలామంది పిల్లలు అడగడానికి మొహమాటపడి, ప్లస్ మైనస్‌లు బట్టీ కొట్టి పరీక్ష గట్టెక్కుతారు. మీ అమ్మాయి అడిగింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. పరమాణువు మధ్యలో ఉన్న ప్రోటాన్లు ప్లస్, చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు మైనస్. రెండూ సమానంగా ఉన్నంతసేపు మొత్తం సున్నా. సోడియంలో ప్రోటాన్లు 11, ఎలక్ట్రాన్లు 11. ఒక ఎలక్ట్రాన్ బయటికి పోతే 11 ప్లస్‌లకు 10 మైనస్‌లే మిగులుతాయి, కాబట్టి తేడా ప్లస్ ఒకటి. క్లోరిన్‌లో 17, 17. ఒక ఎలక్ట్రాన్ వచ్చి చేరితే 17 ప్లస్‌లు, 18 మైనస్‌లు. తేడా మైనస్ ఒకటి. ఇలా ప్లస్ గానీ మైనస్ గానీ మిగిలిన పరమాణువునే అయాన్ అంటారు. ఇష్టం సంగతికొస్తే, సోడియం ఇష్టంగా ఏమీ ఇవ్వదు. ఆ ఎలక్ట్రాన్‌ను దాని నుంచి లాగాలంటే శక్తి ఖర్చు పెట్టాల్సిందే. ఆ ఖర్చు వేరేచోట రాబడిగా తిరిగి వస్తేనే అయాన్ పుడుతుంది. మూడో ప్రశ్నకు జవాబు అవును, మళ్లీ పరమాణువు కాగలదు.

మీరు లెక్కలు రాసేవారు కాబట్టి ప్లస్ మైనస్ గొడవను ఇలా చూడండి. ఒక రైతు దగ్గర 11 రూపాయల నగదు ఉంది, అతను తీర్చాల్సిన 11 రూపాయల అప్పు పత్రాలూ ఉన్నాయి. అతని నికర విలువ సున్నా. ఇప్పుడు ఒక రూపాయి అప్పు పత్రాన్ని పక్కవాడు తన పేరు మీదికి మార్చుకున్నాడు. రైతు దగ్గర ఒక కాగితం తగ్గింది. కానీ అతని విలువ ఒక రూపాయి పెరిగింది. పక్కవాడి దగ్గర కాగితం పెరిగి విలువ తగ్గింది. ఎలక్ట్రాన్ ఆ అప్పు పత్రంలాంటిది. వస్తువుగా అది పోవడం నష్టమే, కానీ దాని విలువే మైనస్ కాబట్టి పోయినచోట ప్లస్ మిగులుతుంది. అయాన్ మీద మనం రాసే గుర్తు ఎన్ని వస్తువులు వచ్చాయి, ఎన్ని పోయాయి అని చెప్పదు. నికర విలువ ఎంతో చెబుతుంది. పిల్లలు తడబడేది ఇక్కడే.

ఈ గందరగోళానికి ఒక చారిత్రక కారణం కూడా ఉంది. ప్లస్, మైనస్ అనే పేర్లను బెంజమిన్ ఫ్రాంక్లిన్ 18వ శతాబ్దంలోనే వాడకంలోకి తెచ్చాడు. ఎలక్ట్రాన్‌ను జె.జె. థామ్సన్ గుర్తించింది 1897లో. అప్పటికే పేర్లు స్థిరపడిపోవడంతో ఎలక్ట్రాన్ వాటాకు మైనస్ వచ్చింది. ఆ రోజుల్లో పేర్లు తారుమారుగా పెట్టి ఉంటే ఎలక్ట్రాన్ పోయినప్పుడు మైనస్ అని రాసేవాళ్లం, మీ పాపకు ఈ సందేహమే వచ్చేది కాదు. కాబట్టి ఆమె తెలివిలో లోపం ఏమీ లేదు.

"ప్రోటాన్ పోయి అయాన్ కాకూడదా సార్?" అని కూడా అడుగుతుంటారు. కాదు. ప్రోటాన్లు కేంద్రకంలో బిగుసుకుని ఉంటాయి. బయటి ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలత ఇది). కేంద్రకం నుంచి ప్రోటాన్‌ను లాగాలంటే లక్షల్లో కావాలి. పైగా ప్రోటాన్ పోతే అది సోడియంగానే మిగలదు, నియాన్ అయిపోతుంది. పేరు మారకుండా ఆవేశం (ప్లస్ మైనస్‌ల నికర విలువ) మాత్రమే మారితేనే అయాన్. ఈ ఒక్క వాక్యాన్ని నోట్సులో రాసుకోమనండి.

ఇక నాకు బాగా ముఖ్యమైన విషయానికి వస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ క్లాసులో అలాగే చెప్పేవాణ్ని. సోడియం దాతృత్వం ఉన్న పరమాణువు, క్లోరిన్ ఆశపోతు, ఇద్దరూ కలిస్తే ఉప్పు అని. పిల్లలు నవ్వేవాళ్లు, గుర్తు పెట్టుకునేవాళ్లు. ఒకరోజు పుత్తూరు నుంచి వచ్చి చదువుకునే ఒక అమ్మాయి లేచి, "సార్, మీరే నిన్న సోడియం అయనీకరణ శక్తి 496 అని రాయించారు. ఇష్టంగా ఇచ్చేదానికి 496 ఎందుకు పెట్టాలి?" అంది. ఆ పూట నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను. ఇంటికి వెళ్లి లెక్క వేసుకున్నాను. మర్నాడు వెళ్లి, నిన్నటి మాట తప్పు అని క్లాసులో చెప్పాను. అప్పటి నుంచి 'ఇష్టం' అనే మాట నా పాఠంలో లేదు.

ఆ లెక్కే ఇక్కడ రాస్తాను. మీకు జమాఖర్చు అలవాటే కాబట్టి మీ పాప కంటే మీకే ముందు అర్థమవుతుంది. అంకెలన్నీ ఒక మోల్‌కు, కిలోజౌల్స్‌లో. ఒక మోల్ అంటే సోడియం 23 గ్రాములు.

ముందు ఖర్చు పద్దు. సోడియం ముద్దగా ఉంటుంది. దాన్ని విడివిడి పరమాణువుల ఆవిరిగా మార్చడానికి 107. క్లోరిన్ వాయువులో పరమాణువులు జంటలుగా ఉంటాయి. జంటను విడదీసి మనకు కావాల్సిన ఒక మోల్ విడి పరమాణువులు తీసుకోవడానికి 122. సోడియం నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి 496. మొత్తం ఖర్చు 725.

ఇప్పుడు రాబడి. ఆ ఎలక్ట్రాన్ క్లోరిన్‌లో చేరినప్పుడు బయటికి వచ్చేది 349. ఇక్కడితో ఖాతా మూసేస్తే 376 నష్టం. అంటే ఎలక్ట్రాన్ ఒకరి నుంచి ఇంకొకరికి మారడం ఒక్కటే చూస్తే అది నష్టాల బేరం. సోడియం, క్లోరిన్ పరమాణువులు ఒకదానికొకటి చాలా దూరంలో ఉంటే ఎలక్ట్రాన్ ఆ దూరం దాటదు. ఎంత అష్టకం (బయటి పొరలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండడం) కావాలన్నా దాటదు.

లాభం వచ్చేది ఆ తర్వాత. ప్లస్ అయాన్లు, మైనస్ అయాన్లు దగ్గరికి వచ్చి, ఒక్కో సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు వరుసగా పేర్చుకుంటాయి. అలా పేర్చుకుని ఉప్పు స్ఫటికం అయినప్పుడు 787 విడుదలవుతుంది. దీన్ని జాలక శక్తి అంటారు. 376 నష్టం పోను మిగిలేది 411. ఉప్పు తయారైనప్పుడు వేడిగా బయటికొచ్చేది అదే. వేడి చేసిన సోడియం ముక్కను క్లోరిన్‌లో పెడితే పసుపు మంటతో భగ్గుమనడానికి కారణం ఈ 411 మిగులు. ఈ లెక్కను 1919లో మాక్స్ బోర్న్, ఫ్రిట్జ్ హేబర్ పద్ధతిగా పెట్టారు. అందుకే బోర్న్-హేబర్ వలయం అంటారు. ఇంటర్ సిలబస్‌లో ఉన్నదే. కానీ దాన్ని లెక్కగా చేయించి వదిలేస్తారు. అయాన్ ఎందుకు పుడుతుందో చెప్పే కథ అదేనని పిల్లలకు ఎవరూ చెప్పరు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

సరే, అలాంటప్పుడు సోడియం ఒక్క ఎలక్ట్రాన్‌తోనే ఎందుకు ఆగుతుంది? రెండోది కూడా లాగేస్తే ప్లస్ రెండు వచ్చి, స్ఫటికం ఇంకా గట్టిగా పట్టుకుని, రాబడి పెరగాలి కదా?

పెరుగుతుంది. కానీ రెండో ఎలక్ట్రాన్ ఖరీదు చూడండి: 4,562. మొదటి దానికి తొమ్మిది రెట్లు. ఎందుకింత తేడా అంటే, సోడియం ఎలక్ట్రాన్లు 2, 8, 1 అని మూడు కర్పరాల్లో (పొరల్లో) ఉంటాయి. బయటి కర్పరంలోని ఒంటరి ఎలక్ట్రాన్‌కూ కేంద్రకానికీ మధ్య పది ఎలక్ట్రాన్లు తెరలా అడ్డుంటాయి. ఉన్నవి 11 ప్రోటాన్లే అయినా దానికి తగిలే లాగుడు రెండు, రెండున్నర ప్రోటాన్లంత మాత్రమే. అది పోయాక మిగిలిన ఎనిమిదీ కేంద్రకానికి బాగా దగ్గర, వాటికి అడ్డు తక్కువ. వాటిలో ఒకదాన్ని లాగడమంటే గోడ పునాదిలోని రాయిని లాగడమే. ఎంత మంచి స్ఫటికం కట్టినా ఆ ఖర్చు తిరిగి రాదు.

మెగ్నీషియం తీసుకోండి. మొదటిదానికి 738, రెండోదానికి 1,451, మూడోదానికి 7,733. మెట్టు ఎక్కడ పడిందో చూశారా? రెండు దాటాక. అందుకే మెగ్నీషియం ప్లస్ రెండు దగ్గర ఆగుతుంది. పిల్లలకు నేను ఇచ్చే అభ్యాసం ఇదే. మూలకం పేరు చెప్పను, అయనీకరణ శక్తుల వరుస మాత్రం ఇస్తాను. ఎక్కడ ఎగిరిందో చూసి అది ఏ గ్రూపుదో చెప్పమంటాను. రెండు రోజులు చేస్తే చాలు, ఇక 'ఎన్ని పోతాయి' అన్నది బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఆక్సిజన్ సంగతి ఇంకా విచిత్రం. దానికి మైనస్ రెండు అని చిన్నప్పటి నుంచి రాస్తాం. మొదటి ఎలక్ట్రాన్ చేరినప్పుడు 141 విడుదలవుతుంది, బాగానే ఉంది. రెండోది చేరబోయేటప్పటికి అక్కడ అప్పటికే మైనస్ ఉంది, అది కొత్తదాన్ని తోసేస్తుంది. బలవంతంగా చేర్చాలంటే మొదట వచ్చిన లాభానికి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టాలి. గాలిలో ఒంటరిగా తిరిగే ఆక్సైడ్ మైనస్ రెండు అయాన్ నిలవదు, రెండో ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది. మరి మెగ్నీషియం ఆక్సైడ్‌లో ఎలా ఉందంటే, ప్లస్ రెండు, మైనస్ రెండు అయాన్ల మధ్య ఆకర్షణ అంత పెద్దది కాబట్టి. ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ కరగాలంటే 2,800 డిగ్రీలు దాటాలి. అందుకే కొలిమి లోపలి ఇటుకల్లో దాన్ని వాడతారు. స్ఫటికం ఆసరా లేకపోతే ఆ అయానే లేదు.

అష్టకం గురించి ఒక జాగ్రత్త. ఎనిమిది నిండాలి అన్నది మంచి గుర్తు. చట్టం మాత్రం కాదు. ఇనుము దగ్గర అది పనికిరాదు. ఇనుము పరమాణువులో 26 ఎలక్ట్రాన్లు. రెండు పోతే ఫెర్రస్, మూడు పోతే ఫెర్రిక్. ఫెర్రిక్ అయాన్ బయటి కర్పరంలో 13 ఎలక్ట్రాన్లు ఉంటాయి, ఎనిమిది కాదు. అన్నభేది (ఫెర్రస్ ఇనుము ఉన్న లవణం) కొత్తగా కొన్నప్పుడు లేత ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ పసుపు గోధుమ రంగుకు తిరగడం మీరు చూసే ఉంటారు. ఒక్కో ఇనుము అయాన్ నుంచి ఇంకో ఎలక్ట్రాన్ పోయిందని అర్థం. ఇంకో మాట, పుస్తకంలో 3డి, 4ఎస్ అనే ఉపకర్పరాలను (కర్పరంలోని భాగాలను) ఏ వరుసలో రాసి ఉన్నా, ఇనుము నుంచి ముందు పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లే. పరీక్షలో చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

పరిమాణం కూడా మారుతుంది. సోడియం పరమాణువు వ్యాసార్ధం 186 పికోమీటర్లు, అయాన్ అయ్యాక 102. బయటి కర్పరమే ఖాళీ అయిపోయింది మరి. క్లోరిన్ 99 నుంచి 181కి ఉబ్బుతుంది.

ఇప్పుడు ఇంట్లో అందరికీ పనికొచ్చే సంగతి. "ఉప్పు నీళ్లలో కరిగినప్పుడు అయాన్లు తయారవుతాయి" అని చాలా నోట్సుల్లో చూశాను. తప్పు. డబ్బాలో ఉన్న పొడి ఉప్పులోనే అవి అయాన్లుగా ఉన్నాయి. స్ఫటికంలో బిగిసి ఉన్నవాటిని నీళ్లు విడదీసి, ఒక్కోదాని చుట్టూ చేరి తిరగనిస్తాయి. అంతే. నీళ్లకు ఆ బలం ఎక్కడిదంటే, నీటి మధ్యలో ప్లస్ మైనస్‌ల ఆకర్షణ ఖాళీ స్థలంలో ఉన్నదాంట్లో సుమారు 80వ వంతుకు పడిపోతుంది. ఉప్పులో విడి అణువులు లేవని, రెండు రకాల అయాన్లు ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉన్నాయని బ్రాగ్ తండ్రీకొడుకులు 1913లో ఎక్స్ కిరణాలతో తేల్చారు.

హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు కథ వేరు. అది అణువుగానే ఉంటుంది, నీళ్లలో పడ్డాకే విడిపోయి అయాన్లు అవుతుంది. కాబట్టి ఆమ్లాల విషయంలో 'తయారవుతాయి' అనొచ్చు, ఉప్పు విషయంలో 'విడిపోతాయి' అనాలి. ఈ రెండు మాటల తేడా పట్టుకుంటే సగం పాఠం వచ్చినట్టే.

'అయాన్' అనే పేరు 1834లో ఫారడే వాడుకలోకి తెచ్చాడు, విలియం వెవెల్ సలహాతో. గ్రీకులో 'వెళ్లేది' అని అర్థం. కరెంటు పెట్టినప్పుడు ఈ కొనకో ఆ కొనకో వెళ్తుంది కాబట్టి ఆ పేరు. కరెంటు పెట్టకముందే నీళ్లలో అవి విడివిడిగా ఉన్నాయని స్వీడన్ కుర్రాడు స్వాంటే అర్హీనియస్ తన పరిశోధనలో వాదించాడు. 1884లో అతని థీసిస్‌కు యూనివర్సిటీ తక్కువ గ్రేడు ఇచ్చింది. 1903లో అదే పనికి నోబెల్ బహుమతి వచ్చింది. మార్కులు తక్కువ వచ్చి దిగులుపడే పిల్లలకు నేను తప్పకుండా చెప్పే కథ ఇది.

దీన్ని ఇంట్లో చూడాలంటే ఒక 9 వోల్టుల బ్యాటరీ, చిన్న ఎల్ఈడీ, 470 ఓమ్‌ల రెసిస్టర్, రెండు పెన్సిల్ ములుకులు చాలు. అన్నీ ఒకే వరుసలో కలిపి, రెండు ములుకులను ఒకదానికొకటి తగలకుండా పొడి ఉప్పులో గుచ్చితే బల్బు వెలగదు. అయాన్లు ఉన్నాయి గానీ కదల్లేవు. షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో పెడితే వెలగదు, లేదా కనిపించీ కనిపించకుండా ఉంటుంది. అందులో చక్కెర వేసినా అంతే. ఉప్పు వేసి కలపగానే వెలుగుతుంది. ఒక ములుకు దగ్గర కొద్దిగా క్లోరిన్ వాసన వస్తుంది, కాబట్టి కిటికీ దగ్గర రెండు మూడు నిమిషాలే చేయండి. గోడ ప్లగ్గు కరెంటుతో మాత్రం ఈ ప్రయోగం ఎప్పుడూ చేయవద్దు. ఉప్పునీళ్లు, మెయిన్స్ కరెంటు కలిస్తే ప్రాణం పోతుంది.

మన వైపు బోరు నీళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల చాలా ఊళ్లలో నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. అది కాల్షియం అయాన్ల పని. ఫిల్టర్లు అమ్మేవాళ్లు టీడీఎస్ మీటర్ ముంచి, 700 వచ్చింది చూడండి, ఎంత మురికో అంటారు. మీటర్ మురికిని కొలవదు. మీ ఎల్ఈడీ ప్రయోగం చేసిన పనే అదీ చేస్తుంది. నీళ్లు కరెంటును ఎంత మోస్తున్నాయో చూసి, దాన్నిబట్టి కరిగిన లవణాలు ఎంతో అంచనా అంకె చూపిస్తుంది. చక్కెర నీళ్లలో ముంచితే దాదాపు ఏమీ చూపదు. క్రిములున్నా చూపదు. మన దేశంలో తాగునీటి ప్రమాణం 500 వరకు మంచిదంటుంది, వేరే నీళ్లు దొరకనిచోట 2,000 వరకు ఒప్పుకుంటుంది. ఈ సంగతి చెప్పాక మా వీధిలో ఒకరు ఫిల్టర్ కొనే ముందు నీళ్లను ల్యాబులో పరీక్ష చేయించుకున్నారు. చదువు ఇంటికి పనికొచ్చిందని ఆ రోజు సంతోషం వేసింది.

అలాగే "ఉప్పులో సోడియం ఉంది, బీపీకి మంచిది కాదు" అన్నప్పుడు పిల్లలు భయంగా అడుగుతారు, నీళ్లలో వేస్తే భగ్గుమనే లోహం మన ఒంట్లోనా అని. కిరోసిన్‌లో దాచే లోహం సోడియం పరమాణువు, కూరలో వేసేది సోడియం అయాన్. నీళ్లలో అంత గొడవ చేసేది బయటి కర్పరంలోని ఆ ఒక్క ఎలక్ట్రాన్. అది ఎప్పుడో పోయింది కాబట్టి అయాన్‌కు నీళ్లతో ఇక ఏ పేచీ లేదు. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు చెమటలో పోయేదీ, ఓఆర్ఎస్ తాగితే తిరిగి వచ్చేదీ ఈ అయానే. ఒక్క ఎలక్ట్రాన్ తేడాతో రెండూ వేర్వేరు వస్తువులు.

ఇంతవరకు చెప్పినవి ఒకరు ఇచ్చి ఒకరు పుచ్చుకునే రకం అయాన్లు. పుచ్చుకునేవాడు లేకుండానే ఎలక్ట్రాన్‌ను కొట్టి బయటికి నెట్టే దారులూ ఉన్నాయి. వెలుగుతో, వేడితో, ఢీకొట్టి. ఇంటర్ పుస్తకం వీటిని త్వరగా దాటేస్తుంది. కానీ మన జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఇవే దగ్గర.

తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే దారిలో గాదంకి ఉంది కదా, టోల్ గేట్ దగ్గర. అక్కడ నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్ల పెద్ద రాడార్ ఉంది, 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. గాలుల కదలికతో పాటు అది చూసేవాటిలో అయనోస్ఫియర్ ఒకటి. భూమికి సుమారు 60 కిలోమీటర్ల పైనుంచి సూర్యుడి ఎక్స్ కిరణాలు, బాగా శక్తి ఉన్న అతినీలలోహిత కిరణాలు గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను పీకేస్తుంటాయి. ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్ రావాలంటే 12 ఎలక్ట్రాన్ వోల్టులు, నైట్రోజన్ అణువుకు 15.6 కావాలి. మన కంటికి కనిపించే వెలుగు కణానికి ఉండేది మహా అయితే సుమారు మూడు ఎలక్ట్రాన్ వోల్టులే. అందుకే ఎంత ఎండ కాసినా కింద మన చుట్టూ ఉన్న గాలిని సూర్యుడి వెలుగు అయాన్లు చేయలేదు. చేయగలిగిన కిరణాలన్నీ పైనే ఖర్చయిపోతాయి.

రాత్రయితే ఏమవుతుందో పెద్దవాళ్లకు అనుభవమే. పాత రేడియోలో మీడియం వేవ్ మీద పగలు వినిపించని దూరపు స్టేషన్లు రాత్రిపూట వినిపించేవి. పగలు అయనోస్ఫియర్ కింది పొర ఆ తరంగాలను మింగేస్తుంది. పొద్దుగూకాక అక్కడి అయాన్లు, ఎలక్ట్రాన్లు మళ్లీ కలిసిపోయి ఆ పొర దాదాపు మాయమవుతుంది. తరంగాలు ఇంకా పైకి వెళ్లి, పై పొరకు తగిలి తిరిగి దూరాన నేలకు దిగుతాయి. అయాన్ మళ్లీ మామూలు అణువు కావడాన్ని చెవులతో వినడమే ఇది.

వేడితో అయాన్ కావడం మీద ప్రపంచానికి లెక్క నేర్పింది మనవాడే. 1920లో మేఘనాద్ సాహా, ఎంత వేడి దగ్గర, ఎంత ఒత్తిడి దగ్గర ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటాయో సమీకరణం రాశాడు. నక్షత్రాల వెలుగు చూసి వాటి ఉష్ణోగ్రత చెప్పడం దానితో వీలైంది. ఒక హెచ్చరిక. ల్యాబులో ఉప్పును మంటలో పెడితే వచ్చే పసుపు వెలుగు అయనీకరణ వల్ల కాదు. మంటలో సోడియం అయాన్ ముందు ఎలక్ట్రాన్‌ను తిరిగి తెచ్చుకుని పరమాణువు అవుతుంది. ఆ ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎక్కి దిగేటప్పుడు పసుపు వెలుగు వస్తుంది. మెట్టు ఎక్కడానికి 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు, ఇల్లు వదిలి పోవడానికి 5.14. రెండూ ఒకటి కావు.

ఢీకొట్టి అయాన్ చేయడానికి శ్రీహరికోట ఉదాహరణ ఉంది. 2017 మే 5న అక్కడి నుంచి వెళ్లిన జీశాట్-9 ఉపగ్రహంలో జినాన్ వాయువుతో నడిచే విద్యుత్ ఇంజన్ పెట్టారు. జినాన్ జడ వాయువు, అష్టకం నిండినది. దానికీ వేగంగా వచ్చే ఎలక్ట్రాన్ తగిలితే తనదొకటి పోతుంది. అలా వచ్చిన ప్లస్ అయాన్లను విద్యుత్ క్షేత్రంతో వెనక్కి తోస్తే ఉపగ్రహం ముందుకు జరుగుతుంది. జడ వాయువులు అయాన్లు కావని నోట్సులో ఉంటే కొట్టేయమనండి. వాటి ధర ఎక్కువ, అంతే.

ఇక్కడ ఒక చిన్న సంగతి, చాలామంది పిల్లలు ఆశ్చర్యపోయేది. ఒక సీసా నిండా సోడియం ప్లస్ అయాన్లు మాత్రమే ఇవ్వండి అంటే ఎవరూ ఇవ్వలేరు. 23 గ్రాముల సోడియం అయాన్ల మీద ఉండే ఆవేశం 96,485 కూలుంబులు. మామూలు పిడుగు నేలకు దించేది కొన్ని పదుల కూలుంబులే. అందుకే ప్రకృతిలో ప్లస్ ఎక్కడుంటే మైనస్ పక్కనే ఉంటుంది, ఉప్పు ముట్టుకుంటే షాక్ కొట్టదు.

మీ మూడో ప్రశ్న మిగిలింది. అయాన్ మళ్లీ పరమాణువు కావడం చూడాలంటే ఎరువుల షాపులో మైలుతుత్తం కొద్దిగా తీసుకోండి. గాజు గ్లాసులో నీళ్లలో కలపండి, నీలంగా మారుతుంది. అందులో ఉన్నది రాగి ప్లస్ రెండు అయాన్. శుభ్రంగా రుద్దిన ఇనుప మేకు వేయండి. కాసేపటికి మేకు మీద ఎర్రగా రాగి పూత కడుతుంది. ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలి నీళ్లలోకి దిగింది, రాగి అయాన్ వాటిని అందుకుని లోహమై మేకుకు అంటుకుంది. మైలుతుత్తం విషం, కాబట్టి ఆ గ్లాసును మళ్లీ తాగడానికి వాడకండి, చేతులు కడుక్కోమనండి.

రాగితో ఇది సులువు. సోడియం అయాన్‌ను వెనక్కి లోహంగా తేవడం కష్టం, దానికి మామూలుగా కరెంటు వాడతారు. 1807లో హంఫ్రీ డేవీ కరిగించిన కాస్టిక్ సోడాలోకి కరెంటు పంపి, మొదటిసారి సోడియం లోహాన్ని చూశాడు. లెక్కలో మిగిలిన 411 గుర్తుందా? ఉప్పు నుంచి సోడియం తిరిగి కావాలంటే కనీసం అంత మనం చేతి నుంచి కట్టాలి.

రోజూ రెండు దిక్కులా జరిగే పని కూడా ఒకటుంది. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని బ్యాటరీ బహుశా సీసం-ఆమ్లం రకమే. ఆ రకం బ్యాటరీలు తిరుపతి పక్కన కరకంబాడిలోనే తయారవుతాయి. కరెంటు పోయి ఫ్యాను తిరుగుతున్నంతసేపు లోపల ఒక పలక మీది సీసం పరమాణువులు రెండేసి ఎలక్ట్రాన్లు వైరులోకి వదిలి అయాన్లు అవుతుంటాయి. ఆ ఎలక్ట్రాన్లు ఇన్వర్టర్ గుండా తిరిగి రెండో పలకకు చేరతాయి. కరెంటు వచ్చి చార్జింగ్ మొదలవగానే ఎలక్ట్రాన్లు వెనక్కి వచ్చి, ఆ అయాన్లు మళ్లీ సీసం పరమాణువులు అవుతాయి. పాపను ఇన్వర్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఇప్పుడు లోపల ఏ దిక్కున నడుస్తోందో చెప్పమనండి. ఎక్కడైనా ఆగితే ఇక్కడే రాయండి, చెబుతాను.